విద్యుద్ఘటము – నేటి విజ్ఞానము, రేపటి పరిశోధకుడు

(గజపతినగరము గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ఉపన్యాసము)



గ్రంథాలయ రజతోత్సవమున విద్యుద్ఘటమును గూర్చిన ప్రసంగమేల యని కొందరికి సందేహము కలుగవచ్చును. పూర్వులు సంపాదించిన జ్ఞానమును నిలువచేసి, కావలసినవానికి కావలసినపుడు అందించునది గ్రంథాలయము. ఒకచోట, ఒకవేళ లభించిన శక్తిని నిలువచేసి, వేరొకచోట, వేరొకవేళ అందించునది విద్యుద్ఘటము. కావున ఈ రెంటికిని చుట్టరికము లేకపోలేదు. అంతేగాక, బ్యాటరీ యను పేర లోకమంతయు ఎరిగిన ఈ వస్తువు నేడు చేతి దీపమునందు, ఫోనునందు, ట్రాక్టరునందు, ఇంటి ఇన్వర్టరునందు, వీధిలో తిరుగు ఆటోయందు కూడ పనిచేయుచున్నది. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుఫాను విశాఖపట్టణమువద్ద తీరము దాటినపుడును, 2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుఫాను పలాస ప్రాంతమును అతలాకుతలము చేసినపుడును ఉత్తరాంధ్రమున విద్యుత్ స్తంభములు నేలకొరిగి గ్రామములకు గ్రామములే చీకటిలో మునిగినవి. అట్టి రాత్రులలో ఒక చిన్న బ్యాటరీ విలువ ఎంతయో ఈ సీమవారికి వేరొకరు బోధింప నక్కరలేదు.

ఘటము అను పేరు విని, అది విద్యుత్తును నీటివలె నింపి దాచు కుండ యని పలువురు తలంతురు. అది సరికాదు. ఘటములో దాగియుండునది రసాయనశక్తి. దీనిని తెలిసికొనుటకు పల్లెలో ఎల్లరు ఎరిగిన చెరువునే ఉదాహరణముగా గైకొనవచ్చును. మెరకనున్న చెరువులోని నీరు తూము తెరచినపుడు పల్లమునకు పారును. పారునపుడు దానిచేత పని చేయించుకొనవచ్చును. అట్లే ఘటమునందు రెండు పదార్థములుండును. ఒకటి ఎలక్ట్రానులను విడిచిపెట్టుటకు ఆతురపడునది. రెండవది వానిని స్వీకరించుటకు కాచుకొనియుండునది. మొదటిదానిని ఋణధ్రువమనియు, రెండవదానిని ధనధ్రువమనియు అందురు. ఈ రెంటినడుమ విద్యుద్విశ్లేష్య మను ద్రవమో, ముద్దయో ఉండును. అది విద్యుదావేశము గల అణువులను, అనగా అయానులను మాత్రమే తనగుండ పోనిచ్చును, ఎలక్ట్రానులను పోనీయదు. అందుచే ఎలక్ట్రానులు వెలుపలి తీగ మార్గముననే పోవలసి వచ్చును. అట్లు పోవుచు దీపమును వెలిగించును, యంత్రమును త్రిప్పును. నీరంతయు పల్లమునకు చేరినపుడు ప్రవాహము ఆగినట్లు, రసాయనక్రియ ముగిసినపుడు ఘటము నిర్జీవమగును. ఏతాము వేసి నీటిని మరల మెరకకు తోడినట్లు, వెలుపలినుండి విద్యుత్తును పంపి రసాయనక్రియను వెనుకకు మరలింపగలిగినచో అది సంచాయక ఘటము. మరలింపరానిది ఒక్కసారి వాడి పారవేయు ఘటము. ఈ శాస్త్రమున రెండు శతాబ్దములుగా జరిగిన కృషి అంతయు, మెరక ఎత్తును పెంచుటకును, చెరువు బరువును తగ్గించుటకును, ఏతాము చిరకాలము చెడకుండ పనిచేయుటకును జరిగిన కృషియే.

ఈ కథకు మూలపురుషుడు ఇటలీ దేశీయుడగు అలెస్సాండ్రో వోల్టా. ఆయన 1800 సంవత్సరము మార్చి నెలలో లండనులోని రాయల్ సొసైటీకి వ్రాసిన లేఖలో తాను నిర్మించిన పరికరమును వర్ణించెను. రెండు వేరువేరు లోహముల బిళ్ళలను, వానినడుమ ఉప్పునీట తడిపిన అట్టముక్కలను, ఒకదానిపై నొకటి దొంతిగా పేర్చుటయే ఆ నిర్మాణము. చూచుటకు పిల్లల ఆటవలె నుండినను, నిలకడగా ప్రవహించు విద్యుత్తు మానవుని చేతికి చిక్కుట అదియే మొదలు. 1807లో హంఫ్రీ డేవీ ఇట్టి ఘటమాలల బలముచేతనే సోడియమును మొదటిసారి వేరుపరచగలిగెను. ఒక పరికరము పుట్టినంతనే దాని సాయమున వేరొక సత్యము బయల్పడుట విజ్ఞానచరిత్రమున తరచుగా కనిపించును.

1859లో ఫ్రాన్సుదేశీయుడగు గాస్టన్ ప్లాంటే సీసపు రేకులను గంధకికామ్లమునందు ముంచి, మరల మరల నింపదగిన మొదటి ఘటమును చేసెను. నేటికిని ట్రాక్టరులోను, ఇన్వర్టరులోను ఎక్కువగా కనిపించునది దాని సంతతియే. అట్టి ఘటములు ఆరింటిని వరుసగా కూర్చిన పండ్రెండు వోల్టుల బ్యాటరీ అగును. 1866లో జార్జి లెక్లాంషే యను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జింకును ఋణధ్రువముగాను, మాంగనీసు డయాక్సైడును ధనధ్రువముగాను, నవాసారపు ద్రావణమును నడుమను ఉంచి వేరొక ఘటమును నిర్మించెను. 1886లో జర్మనీలో కార్ల్ గాస్నర్ ఆ ద్రావణమును ముద్దగా మార్చుటతో, ఒలికిపోని అనార్ద్ర ఘటము, అనగా చేతి దీపములోని సెల్లు, లోకమునకు లభించెను. తెలుగుదేశమున నెల్లూరి సీమలో తయారైన నిప్పో సెల్లును ఎరుగని పల్లె లేదు. దాని పుట్టుపూర్వోత్తరములు ఇవి.

ఇందు మాంగనీసు అను పేరు విన్నంతనే ఈ సభలోని పెద్దలకు గరివిడి, గర్భాము, కోడూరు, చీపురుపల్లి జ్ఞప్తికి రాకమానవు. భారతదేశమున మాంగనీసు గనుల త్రవ్వకము 1890 దశకపు తొలినాళ్ళలో మొదలైనది ఈ సీమలోనే. ఎల్.ఎల్. ఫెర్మర్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు 1909లో వెలువరించిన మాంగనీసు ఖనిజముల బృహద్గ్రంథమున ఇచ్చటి గనులను విపులముగా వర్ణించెను. ఇచ్చటి ఒక శిలాజాతికి ఆయన కోడూరు గ్రామము పేరనే ‘కోడురైట్’ అని నామకరణము చేసెను. ఒక చిన్న గ్రామము పేరు ప్రపంచ శాస్త్రగ్రంథములకెక్కిన సంగతి ఈ జిల్లా బాలురలో ఎందరికి తెలియును?

ఐనను ఒక విషయము విచారింపదగియున్నది. ఈ గనులలోని రాయి బహుకాలము రాయిగానే రైలెక్కి, ఓడయెక్కి తరలిపోయినది. ఇందు భాస్వరము పాలు హెచ్చు. ముఖ్యముగా ఉక్కు పరిశ్రమకే వినియోగపడినది. 1950 దశకమున గరివిడివద్ద ఫెర్రో మిశ్రలోహముల కర్మాగారము వెలసిన పిమ్మట కొంత విలువ ఇచ్చటనే చేరెను. కాని, ఘటమున వాడుటకు మాంగనీసును గంధకికామ్లమునందు కరగించి, మాలిన్యములను తొలగించి, విద్యుద్విశ్లేషణముచే శుద్ధమైన డయాక్సైడుగా పలకలపై పేరుకొనునట్లు చేయవలెను. మహారాష్ట్రమున డోంగ్రీ బుజుర్గ్‌వద్ద మాయిల్ సంస్థ ఇట్టి శుద్ధిని నిర్వహించెను. రాయికిని, శుద్ధపదార్థమునకును నడుమనున్న దూరము బండ్ల మీద గడచునది కాదు. విద్య చేతనే గడచునది. గనియున్న ఊరు ధనికము కాదు. గనిలోని వస్తువుయొక్క గుణమెరిగిన ఊరు ధనికము.

ఇక నేటి యుగమునకు వత్తము. సీసపు ఘటమునందు కిలో బరువునకు 30 మొదలు 50 వరకు వాట్‌గంటల శక్తి మాత్రమే నిలువయుండును. లోహములన్నిటిలో మిక్కిలి తేలికయైనది లిథియము. ఎలక్ట్రానును విడిచిపెట్టుటలో మిక్కిలి చురుకైనది కూడ అదియే. కావున శాస్త్రజ్ఞుల చూపు దానిపై పడెను. 1970 దశకమున స్టాన్లీ విటింగ్‌హామ్ అమెరికాలోని ఎక్సాన్ సంస్థలో పనిచేయుచు, టైటానియము డైసల్ఫైడు పొరల నడుమ లిథియము అయానులు దూరి నిలిచి, మరల బయటికి రాగలవని నిరూపించెను. ఈ గ్రంథాలయములోని బీరువాను చూచినచో ఆ పద్ధతి బోధపడును. అరలు చెదరవు, గ్రంథములు మాత్రము ఒక బీరువానుండి వేరొకదానికి పోయి వచ్చుచుండును. అట్లే ధ్రువముల కట్టడము చెదరకుండ లిథియము మాత్రమే రాకపోకలు సాగించును. కాని ఆ ఘటమున ఋణధ్రువము శుద్ధలిథియపు లోహము. నింపినపుడెల్ల దానిపై ముళ్ళవలె మొలకలు పెరిగి, ఎదుటి ధ్రువమును తాకి, అగ్నిప్రమాదములు కలిగించెను.

1980లో జాన్ గుడెనఫ్ ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున కోబాల్టు ఆక్సైడును ధనధ్రువముగా వాడి, ఘటపు పీడనమును రెండు వోల్టులకు కొంచెము పైనుండి నాలుగు వోల్టులకు పెంచెను. అప్పటికి ఆయన వయస్సు 57 సంవత్సరములు. 1985లో జపానులో అకిరా యొషినో లోహమునకు బదులు బొగ్గుజాతి పదార్థమును ఋణధ్రువముగా నుంచి ప్రమాదమును తగ్గించెను. 1991లో సోనీ సంస్థ ఆ ఘటమును విపణిలోనికి తెచ్చెను. ఈ మువ్వురకును 2019లో రసాయనశాస్త్రపు నోబెల్ బహుమానము లభించినది. అప్పటికి గుడెనఫ్ వయస్సు 97. ఆ బహుమానము పొందినవారందరిలో ఆయనయే వయోవృద్ధుడు. 2023లో ఆయన దివంగతుడగు పర్యంతము పరిశోధనను విడువలేదు.

ఈ మహాకార్యమున భారతీయుల పాలు స్వల్పము కాదు. దక్షిణ తమిళనాడులోని ఒక చిన్న గ్రామమున పుట్టి, మధురలో చదివి, 1985లో గుడెనఫ్ చెంత చేరిన అరుముగం మంథిరామ్, సల్ఫేటు మొదలగు సమూహములు గల పదార్థములు ధనధ్రువములుగా ఎట్లు పనిచేయునో గురువుతో కలిసి చూపెను. స్టాక్‌హోమ్ నగరమున గుడెనఫ్ పక్షమున నోబెల్ ఉపన్యాసమును చదివిన శిష్యుడాయనయే. లిథియము ఐరన్ ఫాస్ఫేటు అను సురక్షితమైన, కోబాల్టు అవసరములేని పదార్థమును గూర్చి 1997లో వెలువడిన సుప్రసిద్ధ పత్రమున గుడెనఫ్‌తోపాటు అక్షయ పాఢి, నంజుండస్వామి అను ఇద్దరు భారతీయుల పేర్లున్నవి. నేడు విద్యుత్ ఆటోలలోను, బస్సులలోను ఈ పదార్థము విరివిగా వాడుకలోనున్నది. సింగపూరు జాతీయ విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రాచార్యులై ఈ రంగమున పెక్కుమంది శిష్యులను తయారుచేసిన బి.వి.ఆర్. చౌదరి తెలుగువారే.

స్వదేశమునందును తెలుగువారి ఉద్యమములు కలవు. 1977లో ఏ.జె. ప్రసాద్ హైదరాబాదున ఆరంభించిన హెచ్.బి.ఎల్. సంస్థ విమానములకు, రక్షణావసరములకు ఘటములు చేయుటతో మొదలై, ఈ జిల్లాలోనే పూసపాటిరేగ మండలమందలి కందివలసలో కర్మాగారమును నెలకొల్పెను. 1985లో గల్లా రామచంద్రనాయుడు తిరుపతి చెంత స్థాపించిన అమర రాజా సంస్థ పల్లెటూరి యువకులకు ఉపాధి కల్పించుచు దేశమున పేరొందెను. విశాఖపట్టణములోని నౌకాదళ విజ్ఞాన సాంకేతిక పరిశోధనాలయము రూపొందించి, 2016లో నౌకాదళమునకు అందించిన ‘వరుణాస్త్ర’ టార్పెడో సముద్రగర్భమున పరుగెత్తునది వెండి ఆక్సైడు–జింకు ఘటముల బలముచేతనే. హైదరాబాదులోని ఏ.ఆర్.సి.ఐ. సంస్థయందు లిథియము ఐరన్ ఫాస్ఫేటును స్వదేశమున తయారుచేయు విధానములపై పరిశోధన జరిగినది.

1991 మొదలు 2018 వరకు లిథియము ఘటముల వెల సుమారు 97 శాతము తగ్గినదని పండితులు లెక్కించిరి. ఐనను సమస్య తీరినదనుకొనుట పొరపాటు. లిథియము, కోబాల్టు కొలది దేశములలోనే విస్తారముగా లభించును. కావున శాస్త్రజ్ఞులు మరల డేవీనాటి సోడియమువంక చూచుచున్నారు. ఘటము సాయమున వేరుపడిన ఆ ధాతువే నేడు ఘటములోనికి ప్రవేశించుచున్నది. భూమి పైపొరలో సోడియము లిథియముకంటె వేయిరెట్లకు పైగా హెచ్చు. శ్రీకాకుళపు తీరమున నౌపడ ఉప్పుమళ్ళలో ఎండలో తెల్లగా మెరయు ఉప్పునందు ఉన్నది ఆ సోడియమే. కాని దానితో చిక్కులు లేకపోలేదు. సోడియము అయాను లిథియపు అయానుకంటె లావు, బరువు మూడురెట్లకు పైన. లిథియమునకు చోటిచ్చు గ్రాఫైటు దీనికి చక్కగా చోటీయదు. 2000లో కెనడాలో స్టీవెన్స్, డాన్ అను శాస్త్రజ్ఞులు క్రమములేని పొరలు గల గట్టి బొగ్గు సోడియమునకు అనుకూలమని చూపిరి. అట్టి బొగ్గును కొబ్బరి చిప్పలనుండి కూడ పరిశోధకులు తయారుచేయుచున్నారు. నౌపడ ఉప్పు, ఉద్దానపు కొబ్బరిచిప్ప, గరివిడి మాంగనీసు – ఈ మూటి పేర్లును సోడియపు ఘటశాస్త్రమున కనిపించు పదార్థములే యగుట గమనింపదగినది. వీనిని ఒక్కచోట కూర్చిన మాత్రమున ఘటము కాదు. కూర్చు విధానమును కనుగొను బుద్ధి కావలెను. ఆ బుద్ధి ఏ ఊరి బడిలో కూర్చుండి యున్నదో ఎవరు చెప్పగలరు?

పరిశోధకులను ప్రోత్సహింపవలెనని సభలందు అందరును పలుకుదురు. ప్రోత్సాహమనగా ఏమియో ఒక చిన్న లెక్క తెలుపును. ఒక నూతన ఘటము ఒక్కొక్కసారి నింపి ఖాళీచేసినపుడు తన శక్తిలో వేయింట ఒక పాలు కోల్పోవుచున్నదనుకొందము. ఒకరోజు చూచినవాడు దానిని దోషరహితమనును. కాని వేయిమారులు గడచునప్పటికి అందు మిగులునది నూటికి 37 పాళ్ళు మాత్రమే. ఆ నష్టము పదివేలింట ఒక పాలైనచో వేయిమారుల పిమ్మట నూటికి 90 పాళ్ళు మిగులును. ఈ రెంటికిగల భేదమును తెలిసికొనుటకు నింపుట, ఖాళీచేయుట కలిసి నాలుగుగంటలు పట్టినచో, నాలుగువేల గంటలు, అనగా అయిదునెలల పదునైదు రోజులు రేయింబవళ్ళు పరీక్షింపవలెను. ఫలితము తప్పైనచో మరల మొదలు. కాబట్టి ఈ శాస్త్రమున మూడేండ్ల కాలమన్నది కొలది ప్రయత్నములకు మాత్రమే చాలును. ఆరునెలలకొకసారి “ఏమి కనుగొంటివి?” అని తొందరపెట్టువాడు పరిశోధకునకు ఉపకారికాడు. విటింగ్‌హామ్ ఆరంభమునకును సోనీ ఘటమునకును నడుమ పదునైదేండ్లకు పైగా గడచినవి. ఆ ఏండ్ల అపజయములు లేనిచో ఆ విజయము లేదు. ఆ మార్గము పనికిరాదని నిజాయితీతో వ్రాసిపెట్టిన పరిశోధకుడు కూడ వెనుక వచ్చువారికి ఆరునెలల కాలమును దానము చేసినవాడే.

దాతల ధర్మమునకు కూడ ఒక నిదర్శనము కలదు. 1948లో తమిళనాడులోని కారైకుడియందు కేంద్ర విద్యుద్రసాయన పరిశోధనాలయము నెలకొల్పుటకు అళగప్ప చెట్టియారు 300 ఎకరముల భూమిని, 15 లక్షల రూపాయలను ఇచ్చిరి. ఆ సంస్థ 1953లో ఆరంభమై, నాటినుండి ఘటశాస్త్రమునకు ఈ దేశమున ప్రధానస్థానమైయున్నది. ఒక చిన్నపట్టణమున ఒక దాత వేసిన విత్తనము దేశమునకు నీడనిచ్చినది. ప్రభుత్వమును తనవంతు చేయుచున్నది. 2023 జనవరి మొదలు పరిశోధక విద్యార్థుల ప్రారంభ భృతి నెలకు 37,000 రూపాయలైనది. పాఠశాల విద్యార్థుల నూతన ఆలోచనలకు ఇన్‌స్పైర్–మానక్ పథకము క్రింద 10,000 రూపాయల సాయము లభించుచున్నది. ఈ సంగతి తెలియక దరఖాస్తు చేయనివారు పల్లెలలో ఎందరో కలరు. ఆ సమాచారమును గోడపై అంటించుట ఏ గ్రంథాలయమునకైనను ఖర్చులేని పని.

గ్రంథాలయములు చేయగల పనులు ఇంకను కలవు. 1906లో కొమర్రాజు లక్ష్మణరావు ప్రభృతులు విజ్ఞానచంద్రికా గ్రంథమండలిని స్థాపించినపుడు, శాస్త్రము తెలుగున చెప్పుటకు వీలుకాదను మాటను వారు చెల్లనీయలేదు. ఆ మార్గముననే ఒక బీరువాలోని ఒక అరను విజ్ఞానగ్రంథములకు ప్రత్యేకింపవచ్చును. సెలవుదినములందు ఒక వోల్టుమీటరును, రెండు లోహపు రేకులను, ఒక నిమ్మకాయను బల్లపై నుంచి బాలబాలికలచే ప్రయోగము చేయింపవచ్చును. నిమ్మకాయలో జింకు రేకును, రాగి రేకును గ్రుచ్చినపుడు మీటరు ముల్లు కదలుటను చూచిన బాలిక, ఏలకదలినదని అడుగును. ఆ ప్రశ్నను కసరక వినువారుండవలెను. విజయనగరములోను, విశాఖపట్టణములోను ఉన్న విశ్వవిద్యాలయముల అధ్యాపకులను ఏడాదికొకమారు పిలిపించి, ఆ ప్రశ్నలకు సమాధానము చెప్పింపవచ్చును. ముఖ్యముగా బాలికలు పదవ తరగతితో చదువు మానకుండ చూచుట తల్లిదండ్రుల కర్తవ్యము.

ఒక హెచ్చరిక కూడ అవసరము. పాడైన సీసపు బ్యాటరీని ఇంటి పెరటిలో పగులగొట్టి కరగించుట మిక్కిలి అపాయకరము. సీసపు ధూళి నేలలో, నీటిలో చేరి పసిపిల్లల మెదడు ఎదుగుదలను చెరచును. ఉబ్బిన ఫోను బ్యాటరీని గ్రుచ్చరాదు, నిప్పులో వేయరాదు. పాతవానిని అధికృతముగా సేకరించువారికే అప్పగింపవలెను. శాస్త్రముయొక్క ఫలమును అనుభవించువారు దాని నియమమును కూడ పాటింపవలెను.

ఈ గ్రంథాలయము ఇరువదియైదేండ్లుగా దీపము ఆరకుండ నిలిచినది. ఏ గ్రంథము ఎవరి మనస్సులో ఏ విత్తనము నాటినదో లెక్కకట్టుట అసాధ్యము. స్వర్ణోత్సవమునాటికి చంపావతీ తీరపు ఈ ఊరినుండి ఒక్కరు, ఒకే ఒక్కరు, ప్రయోగశాలలో కూర్చుండి నాలుగువేల గంటలు ఓపికతో ఎదురుచూచు పరిశోధకురాలో పరిశోధకుడో బయలుదేరినచో, నేటి దాతల ధనమును, కార్యకర్తల శ్రమయును సార్థకమగును. అట్టివారికి కావలసిన గ్రంథమును ఈనాడే కొని అరలో నుంచుట సభవారందరి వంతు.

స్వస్తి.